నలభై సెకన్లు

ఆ కార్డు నా అరచేతి కంటే కొంచెం పెద్దది. వెండి రంగు సంచిలో, బుడగల కాగితంలో చుట్టుకుని ఆక్లండ్ నుంచి ఓడలో వచ్చింది. దానికోసం మూడేళ్ళలో మా డైరెక్టరుకి నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగోది కాస్త కోపంగానే రాశాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఉత్తరాలు రాసిన చెయ్యి పడిపోయినా బాగుండేదనిపిస్తుంది.

నా పేరు లోసివాలే. మా దీవుల రాజధాని అపియాలో పాత రేడియో రికార్డులు దాచే ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాను. చూసుకోవడమంటే అన్నీ నేనే. ఏసీ కారితే కింద బకెట్టు పెట్టేదీ నేనే, వైర్లలో బల్లి చచ్చిపడితే తీసేదీ నేనే. నాతోపాటు సౌండు గదిలో పెనిటోవా బాబాయ్ ఉంటాడు. అరవై దాటిన మనిషి. పాత టేపులన్నీ ఆయన వినిపిస్తుంటే నేను కంప్యూటరులోకి ఎక్కించాను. ఆరేళ్ళు పట్టింది. ఎక్కించాక ఆ టేపులకి పట్టిన బూజు చూసి, పెరట్లో గొయ్యి తీసి పూడ్చేశాం.

శనివారం పది గంటలకి ఫువాటీనో పెద్దమ్మ వచ్చేది. డెబ్భై ఎనిమిదేళ్ళు. ఊరి బస్సులో గంటంబావు ప్రయాణం, అందులో సగం ఎవరి ఒళ్ళోనో కూర్చుని. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల గౌను, చేతిలో అరిటాకులో చుట్టిన, నూనెలో వేయించిన తీపి పాన్‌కేకె ఉండలు. అవి మాకు. ఆవిడ మొగుడు తుసిపా ముప్ఫై ఏళ్ళు రేడియోలో సాయంత్రం చావు కబుర్లు చదివాడు. ఎవరు పోయారు, ఏ ఊరు, పిల్లలు ఎక్కడున్నారు, ఎప్పుడు పూడుస్తారు. అంతే కార్యక్రమం. పేరు చదివేముందు ఒక్క క్షణం ఆగేవాడు. ఆ క్షణంలో దేశమంతా ఊపిరి బిగబట్టేదని మా అమ్మ చెబుతుంది.

కబుర్లన్నీ అయ్యాక, మైకు ఆపేముందు, ఆయన ఎప్పుడూ ఒక మాట అనేవాడు. "ఫువాటీనో, కోకో పొయ్యిమీద పెట్టు. బస్సెక్కుతున్నా."

చావు కబుర్ల వెనకే ఆ మాటేమిటని పైవాళ్ళు రెండుసార్లు ఉత్తరం ఇచ్చారట. ఆయన మానలేదు. పదకొండేళ్ళ కిందట పోయాడు. ఆయన చావు కబురు ఇంకెవరో చదివారు.

పెద్దమ్మ వినడానికి వచ్చేది ఆ మాట కోసమే. వారానికో రికార్డు. తారీఖు ఆవిడే చెప్పేది. "తుఫాను వెళ్ళిన మర్నాడుది పెట్టు", "మా పెద్దోడు పుట్టిన రోజుది పెట్టు". చెవులకి పెద్ద హెడ్‌ఫోను పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఎవరెవరో పోయిన కబుర్లన్నీ ఓపిగ్గా విని, చివరి మాట దగ్గర తల ఊపేది. రోజూ వినే మొగుడి మాటకి పెళ్ళాం ఊపినట్టే, అంత మామూలుగా.

అయితే రికార్డు తెరుచుకోవడానికి నలభై సెకన్లు పట్టేది. డిస్కులన్నీ ఒక పెద్ద పెట్టెలో ఉంటాయి, సర్వరు వేరే. రెంటికీ మధ్య దారి ఆ కార్డే. మా పాత కార్డు సగం చచ్చి ఉంది. అడిగిందే నాలుగుసార్లు అడిగి, వచ్చిందాన్ని పారేసుకుని, మళ్ళీ అడిగేది. నేను కుర్చీలో కూర్చుని పళ్ళు నూరుకునేదాన్ని. పెద్దమ్మ మాత్రం నవ్వేది.

"మా ఆయన ఇంకా బస్సు దిగలేదే తల్లీ. ఆ డ్రైవరు ఎవరో గానీ కొట్టు కొట్టుకీ ఆపుతున్నాడు."

ప్రతి శనివారం అదే మాట. నాకు సిగ్గేసేది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషిని నలభై సెకన్లు కూర్చోబెట్టడమేమిటని. అందుకే ఆ నాలుగు ఉత్తరాలు.

కార్డు గురువారం చేతికొచ్చింది. శుక్రవారం పొద్దున్నే పని మొదలుపెట్టాను. ఆదివారం మా దేశంలో ఎవరూ ఏ పనీ ముట్టుకోరు, శనివారం పెద్దమ్మ వస్తుంది. కాబట్టి శుక్రవారమే.

సర్వరు ఆపి, మూత తీసి, ఒంట్లో కరెంటు కార్డుకి తగలకుండా మణికట్టుకి తీగ కట్టుకుని పాత కార్డు లాగాను. దాని లోహపు కాళ్ళ సందుల్లో దుమ్ము గడ్డకట్టి ఉంది. కొత్తది రెండు బొటనవేళ్ళతో అదిమితే టక్కుమని కూర్చుంది. ఆ చప్పుడు నాకిష్టం. స్క్రూ బిగించాను. ఇక కేబులు. గాజు పోగుతో చేసిన సన్నటి కేబులది, కొసన చిన్న ప్లాస్టిక్ కొక్కెం ఉంటుంది. మా ఉప్పుగాలికి ఆ ప్లాస్టిక్ అప్పడంలా తయారైంది. పాత కార్డులోంచి తీస్తుంటే కొక్కెం విరిగి చేతిలోకి వచ్చేసింది.

"అయిపోయిందా?" అన్నాడు పెనిటోవా బాబాయ్ గుమ్మంలోంచి.

"శుభం పలకవయ్యా. ఇంకోటి లేదు మన దగ్గర. ఓడలో రావాలంటే మూడు వారాలు."

"దారంతో కట్టు."

"దారంతోనా? అదేమన్నా చేపల వలా?"

"నీ కంటే ముందునుంచీ ఈ ఆఫీసు దారం మీదే నడుస్తోందమ్మా" అని లోపలికెళ్ళి నిజంగానే చేపల దారం తెచ్చాడు. కేబులు కొత్త కార్డులో గుచ్చి, వెనక కమ్మీకి దారం చుట్టి ముడేశాను. సర్వరు వేశాను. కార్డు మీద లైటు మొదట పసుపు, తర్వాత ఆకుపచ్చ. ఇద్దరం చప్పట్లు కొట్టాం.

కార్డుకో పేరు ఉంటుంది. అంకెలూ అక్షరాలూ కలిపి పదహారు. ప్రపంచంలో ఇంకే కార్డుకీ ఆ పేరుండదు. దారి మధ్యలో కాపలా కాసే స్విచ్చి అనే యంత్రంలో ఆ పేరు రాసి, ఈ కార్డు ఈ పెట్టెతో మాట్లాడొచ్చు అని చెప్పాలి. మళ్ళీ డిస్కుల పెట్టెలోనూ రాయాలి, ఈ పేరుగలది వస్తే తలుపు తియ్యి అని. పేరు కార్డు సంచి మీద చీమల్లాంటి అక్షరాల్లో ఉంది. నా కళ్ళద్దాలు ఇంట్లో ఉన్నాయి. బాబాయ్ చదువుతానన్నాడు. గొంతు సవరించుకుని ఒక్కో అంకెకీ ముందు ఒక్క క్షణం ఆగి మొదలుపెట్టాడు.

"చావు కబురు చదివినట్టు చదవకు బాబాయ్, తుసిపా పెద్దనాన్న పూనాడా ఏంటి?"

"ఆయన దగ్గర పద్దెనిమిదేళ్ళు పనిచేశాను. ఇంకోలా చదవడం రాదు నాకు."

నవ్వుకుంటూ కొట్టాను. డిస్కుల పెట్టె కనిపించింది. మధ్యాహ్నం రెండున్నర. అక్కడితో ఆపి ఇంటికెళ్ళుంటే ఈ కథే లేదు.

కానీ సర్వరుని నడిపించే పాత వ్యవస్థకి, అదే ఆపరేటింగ్ సిస్టంకి, కొత్త కార్డుతో పడలేదు. డిస్కులు కనిపించడం, పోవడం, మళ్ళీ కనిపించడం. కార్డుతో వచ్చిన పుస్తకం తిరగేస్తే, ఈ కార్డుకి కొత్త వ్యవస్థ ఎక్కించుకోవాలని రాసుంది. ఎక్కించాల్సింది సర్వరు సొంత డిస్కు మీద. చిన్నది. పెద్ద పనేం కాదు, గంటలో అవుతుంది.

ఇక్కడే ఒక నియమముంది. కొత్త వ్యవస్థ ఎక్కించేముందు ఆ గాజు కేబులు పీకెయ్యాలి. ఎందుకంటే కేబులు ఉంటే, ఎక్కించే ప్రోగ్రాముకి సర్వరు సొంత డిస్కుతోపాటు అవతలి పెట్టెలోవి కూడా కనిపిస్తాయి. దానికి ఏది నీది, ఏది పరాయిది అన్న తెలివి ఉండదు. చూపించినదాని మీద, అక్కడున్నది చెరిపేసి కూర్చుంటుంది. ఈ పనిచేసే ప్రతివాడికీ ఇది తెలుసు. నాకూ తెలుసు. ఎంత బాగా తెలుసంటే, నా తర్వాత వచ్చేవాళ్ళ కోసం నేనే ఎర్ర ఇంకుతో రాసి సర్వరు గది గోడకి అంటించాను: ముందు కేబులు తీయి.

ఆ కాగితం కిందే నిలబడి దారం ముడి వైపు చూశాను. విప్పి తీస్తే మళ్ళీ నిలుస్తుందో లేదో. నిలవకపోతే మూడు వారాలు ఆఫీసు మూత. రేపు పది గంటలకి పెద్దమ్మ వస్తుంది, పాన్‌కేకెలతో. వద్దులే, జాగ్రత్తగా చూసుకుని చేస్తే సరి అనుకున్నాను. స్విచ్చిలో ఒక్క మాట కొట్టినా దారి మూసుకునేది. అది తట్టలేదని చెప్పొచ్చు. తట్టింది. టైము నాలుగున్నర దాటింది, అందుకని వద్దనుకున్నాను.

టైమంటే ఇదీ సంగతి. మా ఊరికి చివరి బస్సు ఐదింటికి. మా ఊళ్ళో సాయంత్రం ప్రార్థనకి శంఖం ఊదాక రోడ్డు మీద మనిషి కనిపించకూడదు. ఊరి మొదట్లోనే కుర్రాళ్ళు లుంగీల్లాంటి లావలావాలు కట్టుకుని వరసగా నిలబడి ఆపేస్తారు. అంతకు ముందు నెల నేను ఒకసారి ఇలాగే దొరికిపోతే, మా ఏలియా మామయ్య ఊరి సభకి ఒక పెట్టె టిన్ను చేపలు జరిమానా ఇచ్చుకున్నాడు. ఆయన మా ఇంటి పెద్ద, సభలో మాకున్న కుర్చీ ఆయనదే. నలభై రెండేళ్ళ మేనకోడలు, చదువుకున్నది, శంఖం తర్వాత రోడ్డు మీద తిరుగుతోందని ఆయన్ని ఎదుటే అన్నారు. అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు.

తెర మీద డిస్కుల జాబితా వచ్చింది. మొదటిది వెలుగుతోంది. ఎప్పుడూ మొదటిది సర్వరు సొంత డిస్కే. పదిహేనేళ్ళుగా అంతే. పక్కన ఎంత పెద్దదో అంకె ఉంటుంది, అది చదివితే చాలు. కళ్ళద్దాలు ఇంట్లో ఉన్నాయి. బయట బస్సువాడు హారను కొట్టాడు. సరే అన్న మీట నొక్కి, అది తన పని తాను చేసుకుంటుందని, బ్యాగు తీసుకుని పరిగెత్తాను.

శంఖానికి ముందే ఇల్లు చేరాను. అమ్మ మెచ్చుకుంది కూడా.

శనివారం ఎనిమిదింటికి వచ్చి చూస్తే సర్వరు సొంత డిస్కు మీద పాత వ్యవస్థ అలాగే ఉంది. ఒక్క అక్షరం చెదరలేదు. అది చూసి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నేల మీదే కూర్చున్నాను. కొత్త కార్డు పాతదాని కంటే వేగం. ఎంత వేగమంటే, సర్వరు సొంత డిస్కు నిద్రలేచి పలికేలోపే అవతలి పెట్టె నేనున్నానని పలికింది. జాబితాలో మొదటిది అదే అయింది. కొత్త వ్యవస్థ పోయి రికార్డుల మీద కూర్చుంది.

"ఎంత పోయింది?" అన్నాడు బాబాయ్.

"తెలీదు. అంతా పోయుండొచ్చు."

"టేపులు..."

"పూడ్చేశాం కదా బాబాయ్. నువ్వే గొయ్యి తీశావు."

ఆయన కిటికీలోంచి పెరటి వైపు చూశాడు. వెళ్ళి తవ్వుదామా అన్నట్టు చూశాడు.

పది గంటలకి పెద్దమ్మ వచ్చింది. నేను లేచి ఎదురెళ్ళి, సర్వరు బాగుచేస్తున్నాం, వచ్చే వారం రమ్మన్నాను. ముఖాన అబద్ధం చెప్పడం నాకు రాదనుకునేదాన్ని. శుభ్రంగా వచ్చింది.

"సరేలే తల్లీ, ఆయనెక్కడికి పోతాడు" అని పాన్‌కేకెలు నా చేతిలో పెట్టి మళ్ళీ బస్సెక్కింది. వెళ్ళడం గంటంబావు, రావడం గంటంబావు. అవి మేం తినలేకపోయాం.

డిస్కులన్నీ ఊడదీసి ఆక్లండ్ పంపాం. పోయినవాటిని వెలికితీసే పనివాళ్ళు అక్కడున్నారు. నాలుగు శనివారాలు నేను పెద్దమ్మకి అదే అబద్ధం నాలుగు రకాలుగా చెప్పాను. ఐదో వారం ఉత్తరం వచ్చింది. పాటలన్నీ దొరికాయి. నాయకుల ప్రసంగాలు దొరికాయి. చర్చి గీతాలు దొరికాయి, అసలు వాటికి వేరే నకలు కూడా ఉంది. డిస్కులో మొట్టమొదట రాసిన భాగం మీదే కొత్త వ్యవస్థ కూర్చుంది కాబట్టి అక్కడున్నవి ఇక రావు.

మొట్టమొదట రాసినవి ఏవో నాకు తెలుసు. ఆరేళ్ళ కిందట పని మొదలుపెట్టినప్పుడు మాకు చెయ్యి తిరగలేదు. విలువైన టేపుల మీద నేర్చుకోవడం ఎందుకని, ముందు చావు కబుర్లు ఎక్కించాం. పాడైనా పరవాలేదనుకున్నవి అవి. నకలు తీయాల్సినవాటి జాబితా నేనే రాశాను. అందులో అవి లేవు.

డైరెక్టరు ఉత్తరం రెండుసార్లు చదివి ఊపిరి పీల్చుకున్నాడు. "దేవుడి దయ లోసివాలే. ముఖ్యమైనవేవీ పోలేదు" అన్నాడు. నాకు జరిమానా లేదు, మందలింపు లేదు. ఆ మనిషి బల్ల మీదున్న పేపరు వెయిటు తీసి అతని కిటికీకి విసరాలనిపించింది. విసరలేదు. థాంక్సని చెప్పి బయటికొచ్చాను.

ఆ రోజు ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. అప్పటికే ఆవిడకి సగం తెలుసు. బస్సులో తెలియనిదేముంటుంది.

అమ్మ టారో దుంపల చెక్కు తీస్తోంది. కత్తి ఆపలేదు. "అయితే ఆయన గొంతు లేదిక."

"లేదు."

"ఎక్కడా?"

"ఎక్కడా లేదమ్మా."

"నువ్వే చేశావు."

"నేనే."

కత్తి కింద పెట్టింది. "చాప తియ్యాలి."

నాకు అర్థమైంది. అర్థమై భయమేసింది. మా ఇంట్లో ఒకే ఒక్క మేలి చాప ఉంది. మా అమ్మమ్మ వాళ్ళమ్మ నాలుగేళ్ళు కూర్చుని అల్లింది, పట్టుగుడ్డంత మెత్తన. పెళ్ళికో చావుకో కూడా బయటికి తీయలేదు.

"అమ్మా, ఇఫోంగానా? అది మనిషిని చంపినవాళ్ళు చాప కప్పుకుని క్షమాపణ అడగడానికి చేసేది. ఇక్కడ పోయింది డిస్కే."

"ఆ డిస్కులో ఎవరున్నారే?"

నేను కింద పడిన దుంప తొక్కలు ఏరసాగాను.

"ఆ మనిషి ఒకసారి చచ్చాడు. అది దేవుడు చేశాడు, దానికి ఎవర్నీ అడగలేం. రెండోసారి నువ్వు చంపావు. పైగా నెల్లాళ్ళు ఆవిడ తెచ్చిన పాన్‌కేకెలు పుచ్చుకుంటూ అబద్ధాలాడావు. చదువుకున్నావు కదా, దీన్నేమంటారో నువ్వే చెప్పు."

ఏలియా మామయ్యకి కబురెళ్ళింది. ఆయన వచ్చి, అంతా విని, చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. కార్డంటే ఏమిటి, కేబులంటే ఏమిటి అని అడగలేదు. ఒక్కటే అడిగాడు.

"తియ్యాలని తెలిసి తియ్యలేదా, తెలియక తియ్యలేదా?"

"తెలిసే మామయ్యా."

"ఎందుకు?"

"శంఖానికి ముందు ఇంటికి రావాలని."

ఆయన ముఖం చూడలేకపోయాను. అప్పుడు జరిమానా కట్టి సభలోంచి వచ్చి నన్ను తిట్టింది ఆయనే. "సరే. చాప కింద నేను కూర్చుంటాను. నువ్వు నా వెనక కూర్చో. ఒక మాట గుర్తుపెట్టుకో. వాళ్ళు చాప ఎత్తితే క్షమించినట్టే, ఇక ఆ సంగతి మళ్ళీ ఎవరి నోటా రాకూడదు. మన నోటా రాకూడదు, వాళ్ళ నోటా రాకూడదు. ఈ జన్మకి అంతే."

సోమవారం వెలుగు రాకముందే వ్యానులో బయల్దేరాం. మేం పదకొండు మంది. వెంట రాళ్ళు, కట్టెలు, ఆకులు తీసుకెళ్ళాం. పొయ్యి గొయ్యికి కావలసినవన్నీ తెచ్చుకున్నాం, మమ్మల్ని వండుకుని తిన్నా మీ ఇష్టం అని చెప్పడానికి. తెల్లారేసరికి పెద్దమ్మ ఇంటి ముందు గడ్డిలో తలలు వంచుకుని కూర్చున్నాం. గడ్డి తడిగా ఉంది. మామయ్య తల మీద చాప కప్పాం. ఆయన ఆకారం కూడా తెలియడం లేదు.

గోడల్లేని ఇల్లు. తడికెలు ఒక్కొక్కటే పైకి లేచాయి. ఆవిడ కొడుకులు, కోడళ్ళు, మనవలు చూశారు. ఇఫోంగాకి వచ్చినవాళ్ళని కొట్టినా అడిగేవాడుండడు. పెద్ద కొడుకు గుమ్మందాకా వచ్చి, చేతిలో కొడవలితో కాసేపు నిలబడి, లోపలికెళ్ళిపోయాడు. అతనికి సంగతి తెలుసో తెలియదో. లోపల ఏదో మాటల గొడవ వినిపించింది. "ఎవరు పోయారు? మనింట్లో ఎవరూ పోలేదే?" అని ఒక కోడలు అంటోంది.

ఎండెక్కింది. ఎనిమిదైంది. తొమ్మిదైంది. చాప కింద మామయ్య దగ్గుతున్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషి. ఆయన చెమట గడ్డిలోకి కారడం నాకు కనిపిస్తోంది. నా మెడ మీద ఈగలు వాలినా తోలుకోలేదు. నాకు ఏడుపు రాలేదు. సిగ్గు మాత్రం ఒళ్ళంతా ఉంది, జ్వరంలా. పుట్టి బుద్ధెరిగాక అంత సిగ్గుపడలేదు.

పెద్దమ్మ బయటికొచ్చింది. శనివారం వేసుకునే తెల్ల గౌనే వేసుకుంది. అందుకే అంతసేపు పట్టిందేమో, ఇస్త్రీ చేయించుకుని ఉంటుంది. నెమ్మదిగా మెట్లు దిగి గడ్డిలోకి వచ్చింది. మామయ్య ముందు కాదు, నా ముందు నిలబడింది. నేను తల ఎత్తలేదు. ఆవిడ పాదాలు చూస్తున్నాను. పగిలి ఉన్నాయి.

"అన్నీనా తల్లీ?" అంది.

"అన్నీ పెద్దమ్మా."

"ఒక్కటైనా?"

తల అడ్డంగా ఊపాను. ఆవిడ అలాగే నిలబడింది. ఎంతసేపో చెప్పలేను. నలభై సెకన్లకి ఎక్కువే.

తర్వాత వెళ్ళి రెండు చేతులతో చాప ఎత్తింది. అంత పెద్ద చాప ఒక్కతే మొయ్యలేకపోతుంటే కొడుకు పరిగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. లోపలికి పిలిచారు. ఇరువైపులా పెద్దలు మాట్లాడుకున్నారు. మామయ్య కన్నీళ్ళు పెట్టుకున్నాడు. వాళ్ళు కోకో ఇచ్చారు. పెద్దమ్మే కాచింది. అందరి ముందూ కప్పులు పెట్టుకుంటూ వచ్చి, నా ముందూ ఒకటి పెట్టింది. తాగాను. మా అమ్మ తిరుగు దారిలో అంది, పనైపోయింది, ఇక దాని గురించి ఆలోచించకు అని. చాప వాళ్ళ దగ్గరే ఉండిపోయింది.

ఆక్లండ్ నుంచి డిస్కులు తిరిగొచ్చాయి. కొత్త కేబులు కూడా వచ్చింది, విరగని కొక్కెంతో. ఈసారి కేబులు పీకి, బల్ల మీద కంటికెదురుగా పెట్టుకుని వ్యవస్థ ఎక్కించాను. తర్వాత గుచ్చాను. పేరు రాశాను. అంతా బ్రహ్మాండంగా పనిచేసింది. పుస్తకంలో చెప్పిన వేగం అంతా వచ్చింది.

ఆ శనివారం పది గంటలకి గుమ్మంలో తెల్ల గౌను కనిపించింది. చేతిలో అరిటాకు పొట్లం.

నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. ఎందుకొచ్చావు పెద్దమ్మా అని అడగాలి. అడగకూడదు. అవి లేవు కదా అని చెప్పాలి. చెప్పకూడదు. చాప ఎత్తేశారు. ఆవిడా నన్నేమీ అనకూడదు, తిట్టాలనున్నా తిట్టకూడదు. జరగనట్టే ఉండాలి. జరగనట్టే ఉంటే శనివారం ఆవిడ ఇక్కడికి రావాలి.

వచ్చింది. ఎప్పటి కుర్చీలో ఎప్పట్లాగే కూర్చుంది. పొట్లం బల్ల మీద పెట్టింది. హెడ్‌ఫోను తనే తీసుకుని జుట్టు చెదరకుండా పెట్టుకుంది.

"మా పెళ్ళిరోజుది పెట్టు తల్లీ" అంది. తారీఖు చెప్పింది.

పెనిటోవా బాబాయ్ సౌండు గది తలుపు మెల్లగా వేసేసుకున్నాడు.

తారీఖు కొట్టాను. ఇంకేం చెయ్యను? మీట నొక్కాను. తెరుచుకుంది. నొక్కీ నొక్కకముందే, సెకను కూడా పట్టలేదు. లోపల ఏమీ లేని తెల్లటి ఖాళీ.

పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. హెడ్‌ఫోనులో ఏమీ లేదు, ఏసీ గురక తప్ప. ఆవిడ కూర్చుంది. కార్యక్రమం పావుగంట ఉండేది. పావుగంటా కూర్చుంది. చివర్న ఆ మాట వచ్చే చోట తల ఊపుతుందేమోనని చూశాను. ఊపలేదు.

కళ్ళు తెరిచి, హెడ్‌ఫోను తీసి బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వులో కోపం వెతికాను. దొరికితే ప్రాణం తేలికపడేది.

"ఇంకా బస్సు దిగినట్టు లేదే తల్లీ" అంది. "వచ్చే వారం చూద్దాంలే."

లేచి, గౌను సర్దుకుని, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయింది.

ఇప్పటికి పంతొమ్మిది శనివారాలైంది. వారం వారం వస్తూనే ఉంది. నేను తారీఖు కొడుతూనే ఉన్నాను.